సొంతంగా సిస్టం బిగించారా? ముందు సాకెట్ చూడండి

నిజామాబాద్‌లో, బోధన్‌లో ఇప్పుడు కుర్రాళ్లు సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లో, ఆన్‌లైన్‌లో తెప్పించుకునో కంప్యూటర్ తామే బిగించుకుంటున్నారు. స్క్రీన్ వెలగగానే పని అయిపోయిందని సంబరపడతారు. వెలగడం వేరు, గంటల తరబడి లోడు మోసి నిలబడటం వేరు. చెరకు మిల్లును క్రషింగ్‌కు ముందు ఖాళీగా తిప్పి చూసుకున్నట్టే దీన్నీ చూసుకోవాలి. బయటపడాల్సిన లోపం దుకాణదారు మార్చి ఇచ్చే గడువులోనే బయటపడాలి. గడువు దాటితే మిగిలేది సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగడమే.

స్థిరత్వ పరీక్ష గురించి దొరికే సలహాల్లో చాలావరకు మంచి కరెంటు, చల్లటి గది ఉన్నాయనుకుని చెప్పినవి. మన దగ్గర మొదటి అనుమానం ప్రాసెసర్ మీద పెట్టకండి. గోడలోని సాకెట్ మీద పెట్టండి.

ఎర్తు తేలాకే పరీక్ష

క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయా? "కంప్యూటర్ అన్నాక ఆమాత్రం షాక్ కొడుతుందిలే" అని సర్దుకుపోయే ఇళ్లు చాలానే ఉన్నాయి. సర్దుకోకండి. ఎస్ఎంపీఎస్‌లో, అంటే పవర్ సప్లై డబ్బాలో, కరెంటు లోపలికి వచ్చే చోట ఫిల్టర్ కోసం చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి ఫేజుకూ బాడీకీ మధ్య ఒకటి, న్యూట్రల్‌కూ బాడీకీ మధ్య ఒకటి. ఎర్తు సరిగా ఉంటే వాటి నుంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే క్యాబినెట్ రేకు మొత్తం 230లో సగం వోల్టేజీ మీద తేలుతూ ఉంటుంది. కరెంటు స్వల్పం కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. రేపు లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే మాత్రం అదే రేకు మీదికి పూర్తి 230 వస్తుంది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్తుకూ మధ్య కొలతలు దాదాపు సమానంగా రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఉప్పు, బొగ్గు వేసిన పాతకాలపు ఎర్తు గుంత మే నెలలో ఎండిపోయి పనిచేయడం మానేస్తుంది. వారానికో బకెట్ నీళ్లు పోయించండి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ బ్రేకర్) లేకపోతే పెట్టించుకోండి.

రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్గుతో వచ్చిన వైరును మన సాకెట్లో గుచ్చి నడపకండి. దాని ఎర్తు పట్టీలు పక్కలకు ఉంటాయి, మన సాకెట్‌లో అవి దేనికీ తగలవు. మిషన్ నడుస్తుంది, ఎర్తు మాత్రం ఉండదు. మన మూడు పిన్నుల వైరు కొనుక్కోండి. చవకరకం ఎస్ఎంపీఎస్ వెనక 115, 230 అని చిన్న ఎర్ర స్విచ్ కనిపిస్తే అది 230 మీదే ఉందో లేదో చూశాకే కరెంటు ఇవ్వండి. 115 మీద ఉంటే మొదటి క్షణంలోనే టప్పుమంటుంది.

చేతులు లోపల పెట్టేటప్పుడు

ప్లగ్గు పూర్తిగా పీకండి. వైరింగ్ తిరగబడి ఉంటే స్విచ్ ఆపినా ఫేజు అలాగే ఉంటుంది, కాబట్టి స్విచ్‌ను నమ్మకండి. పీకాక పవర్ బటన్ ఒకసారి నొక్కితే మిగిలిన చార్జి పోతుంది. ర్యామ్ పట్టుకునే ముందు రంగు లేని ఇనుప కిటికీ చువ్వనో, క్యాబినెట్ లోపలి రేకునో తాకండి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఏ కారణంతోనూ విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా అది కాసేపు నిలిచి ఉండొచ్చు.

గ్రాఫిక్స్ కార్డు పవర్ కనెక్టర్ చివరిదాకా దిగిందో లేదో వంగి చూడండి. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల కనెక్టర్లు కరిగిన ఘటనల్లో పూర్తిగా దిగకపోవడమే ఒక ముఖ్య కారణమని తేలింది.

విండోస్ కన్నా ముందు మెమరీ

మెమ్‌టెస్ట్86 ప్లస్ ఉచితం. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది. విండోస్ ఎక్కించక ముందే దీన్ని పెట్టండి, ఎందుకంటే చెడ్డ ర్యామ్ మీద ఎక్కించిన విండోస్ కూడా చెడుతుంది. మొదట ర్యామ్‌ను మామూలు వేగంతో, తర్వాత ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో సెట్టింగు ఆన్ చేసి, నాలుగేసి రౌండ్లు తిప్పండి. ఇందులో 35 మార్కులకు పాస్ లేదు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. వస్తే ఒక్కో ర్యామ్ విడిగా పెట్టి ఏది దోషో తేల్చండి. ర్యామ్ మీది స్టిక్కర్ గీకకండి, మదర్‌బోర్డు సాకెట్ మీది ప్లాస్టిక్ మూత పారేయకండి. వారంటీకి పంపేటప్పుడు అవి అడుగుతారు.

వేడి, లోడు

ప్రాసెసర్‌కు ప్రైమ్95 మంచి పరీక్ష. మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట కోసం 1996లో మొదలైన జింప్స్ ప్రాజెక్టు ప్రోగ్రామ్ ఇది. జవాబు ముందే తెలిసిన లెక్కలు చేయిస్తుంది కాబట్టి ప్రాసెసర్ తప్పు చేస్తే అక్కడే పట్టుబడుతుంది. 2016లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలోని లోపం బయటపడింది కూడా దీనివల్లే. పక్కనే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఉష్ణోగ్రత చూస్తూ ఉండండి. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీలకు, రైజెన్ 7000 వరుసలో చాలావి 95కు వేగం తగ్గించుకుంటాయి. గ్రాఫిక్స్‌కు ఫర్‌మార్క్ పావుగంట చాలు. రెండూ విడివిడిగా నెగ్గాకే కలిపి అరగంట నడపండి. ఎస్ఎంపీఎస్ సత్తా తేలేది అప్పుడే.

ఈ లోడు పరీక్షలు పెట్టి బజారుకు పోకండి, నిద్రపోకండి. కాలిన వాసన వస్తే మౌస్ కోసం వెతకొద్దు, నేరుగా సాకెట్ స్విచ్ ఆపండి. మంట కనిపిస్తే మెయిన్ ఆపాలి, నీళ్లు మాత్రం పోయకూడదు.

సంక్రాంతి సెలవుల్లో బిగించిన వాళ్లు ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. గది ఎంత వేడెక్కితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు అంతే అదనంగా వేడెక్కుతుంది. జనవరిలో 22 డిగ్రీల గదిలో 75 చూపించిన మిషన్, మే నెలలో 40 డిగ్రీల గదిలో 93 దగ్గర ఉంటుంది. బయట 44, 45 నమోదయ్యే ఊరు మనది. అలాగని కూలర్‌ను కంప్యూటర్ ముఖానికి తిప్పకండి. ఆ తడిగాలి బోర్డు మీద దుమ్మును పేస్టులా మారుస్తుంది. మార్కెట్ యార్డు చుట్టుపక్కల ఇళ్లలో ఆ దుమ్ములో పసుపు కూడా ఉంటుంది. కూలర్‌నూ కంప్యూటర్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించడం ఇంకో తప్పు. మోటార్ అందుకున్న ప్రతిసారీ వోల్టేజీ పడుతుంది, రీస్టార్ట్ అయితే మీరు ర్యామ్‌ను తిడతారు.

కరెంటు పోయే ఊళ్లో

గాలివాన సూచన ఉన్న సాయంత్రం బయోస్ అప్‌డేట్ జోలికి పోకండి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు. అప్‌డేట్ మానేయమనడం లేదు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల అస్థిరతకు 2024 ఆగస్టు నుంచి మందు వచ్చింది బయోస్ రూపంలోనే. యూపీఎస్ మీద పెట్టి, ఉదయం పూట చేయండి.

మార్కెట్లో సాధారణంగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల చుట్టూనే. డేటా ఏదీ ఎక్కించక ముందే, పూర్తి లోడు మీద ఉండగా యూపీఎస్‌కు వచ్చే కరెంటు కావాలనే ఆపి చూడండి. సిస్టం ఆరిపోతే ఆ యూపీఎస్ మీకు చాలదు. ఇంట్లో ఫ్యాన్ల కోసం పెట్టుకున్న స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ దీనికి పనికిరాదు. ఉరుములు మొదలైతే ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ వైరు కూడా పీకండి.

ఇవన్నీ నెగ్గాక విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వియా లాగర్ (WHEA-Logger) పేరుతో హెచ్చరికలు ఉన్నాయేమో చూడండి. సిస్టం ఆగకపోయినా అవి ఉంటే పరీక్ష పాసైనట్టు కాదు. ఏమీ లేకపోతే తేదీ, గది వేడి, ప్రాసెసర్ వేడి కాగితం మీద రాసి క్యాబినెట్ లోపలి వైపు అంటించండి. మే రెండో వారంలో మళ్లీ అదే పరీక్ష, అంతే సేపు పెట్టి, కొత్త అంకెలు దాని కిందే రాయండి.