డబ్బా అత్తమ్మ చేతికే ఇవ్వండి

సమస్య

మాది నల్లగొండ. నేను ప్రభుత్వ బడిలో టీచర్‌ను. మా స్నూపి ఆరేళ్ల ఆడకుక్క. పామేరియన్ అనుకొని తెచ్చుకున్నాం, ఇండియన్ స్పిట్జ్ అని తర్వాత తెలిసింది. మూడేళ్ల కింద పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించాం. అప్పుడు ఎనిమిది కిలోలు ఉండేది. మొన్న పశువుల దవాఖానలో కాంటా మీద నిలబెడితే 11 కిలోల 400 గ్రాములు చూపించింది. మంచం ఎక్కలేక, ముందు కాళ్లు రెండూ పైన పెట్టి మా ముఖాలు చూస్తది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. ఈ మధ్య రాత్రిళ్లు పొడి దగ్గు కూడా మొదలైంది. తిండి తగ్గించమని డాక్టరు చెప్పిండ్రు.

ఆ తగ్గించుడే మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. మామయ్య పోయినప్పటి నుంచి స్నూపి మా అత్తమ్మ మంచం పక్కనే పడుకుంటది. పొద్దున చాయ్ తాగేటప్పుడు ఆమె దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని చిన్న గ్లాసు బర్రె పాలు పోసి, అయిదు గ్లూకోజ్ బిస్కెట్లు తుంచి తుంచి పెడుతుంది. మధ్యాహ్నం పెరుగన్నం. సాయంత్రం జొన్నరొట్టె ముక్కలు. రాత్రి మా ఆయన కోడికూర కలిపిన అన్నం పెడతారు. ఆదివారం మటన్ బొక్కలు. పిల్లలు ఏం తిన్నా అందులో దానికో వాటా.

వద్దంటే అత్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటది. "నోరులేని జీవం కడుపు మాడ్చిన పాపం నాకొద్దు. తిన్నన్ని రోజులే బతుకుతది" అంటది. నేను పొద్దున ఎనిమిదిన్నరకు పోతే వచ్చేసరికి సాయంత్రం అయిదు దాటుతది. కుక్కల తిండి ప్యాకెట్ తెచ్చి పెట్టిన. అదీ తిన్నది, పెరుగన్నమూ తిన్నది. బరువు ఇంకా పెరిగింది. పెద్దామె మనసు నొప్పించకుండా దీన్ని తగ్గించే దారి ఏమన్నా చెప్పండి.

– ఒక టీచరమ్మ, నల్లగొండ

సలహా

టీచరమ్మా, తిండి కన్నా ముందు ఆ దగ్గు సంగతి చూడాలి. చిన్న జాతి కుక్కల్లో గాలిగొట్టాన్ని నిలబెట్టే మెత్తటి ఎముక రింగులు వయసుతో పాటు బలహీనపడి లోపలికి అణుగుతాయి. ఒంట్లో కొవ్వు పేరుకుంటే ఆ ఇబ్బంది ఇంకా ముదురుతుంది. దగ్గు బాతు అరుపులా వస్తుంటే అనుమానం దీనిమీదే. గుండె జబ్బులోనూ దగ్గు ఉంటుంది కనుక ఛాతీ ఎక్స్‌రే తీయించండి. మెడపట్టీ ఈరోజే తీసేసి, హార్నెస్ పేరుతో అమ్మే ఛాతీ బెల్టు వేయండి. దవాఖానకు వెళ్లిన రోజే థైరాయిడ్‌కు రక్తపరీక్ష కూడా చేయించండి. నీళ్లు విపరీతంగా తాగుతున్నా, మాటిమాటికీ మూత్రం పోస్తున్నా, రెండు పక్కలా వెంట్రుకలు పలచబడుతున్నా డాక్టరుకు తప్పక చెప్పండి. అవి హార్మోన్ల జబ్బు గుర్తులు కావచ్చు. మీ దగ్గర పరీక్షలు కుదరకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

ఇవేవీ లేవని తేలితే ఇక మిగిలింది తిండే. ఎనిమిది కిలోలే స్నూపి సరైన బరువు అనుకుందాం. దాన్ని అక్కడికి దించాలంటే రోజుకు సుమారు 330 కెలరీలు చాలు. ఇప్పుడు పొద్దుటి చాయ్ వేళ లెక్క చూడండి. చిన్న గ్లాసు బర్రె పాలంటే 150 మిల్లీలీటర్లు అనుకున్నా దాదాపు 150 కెలరీలు. బిస్కెట్ ఒక్కోటి ఇరవై చొప్పున అయిదింటికి వంద. ఇంట్లో ఇంకా పొయ్యి మీద అన్నం పడకముందే స్నూపి రోజు కోటాలో మూడొంతులు అయిపోయింది. జొన్నరొట్టె మనకు మంచిదని కుక్కకు తేలిక అనుకుంటారు చాలామంది. అరవై గ్రాముల పిండితో చేసిన రొట్టెలో దాదాపు 200 కెలరీలు ఉంటాయి. దానికి తోడు ఆపరేషన్ అయిన ఆడకుక్క ఒంటికి ముందున్నంత శక్తి అక్కర్లేదు. ఆకలి మాత్రం పెరుగుతుంది.

కింది నాలుగు మాటలు మీ అత్తమ్మగారికి చదివి వినిపించండి.

అమ్మా, మీరు పెట్టబట్టే అది ఇన్నాళ్లూ ఆ ఇంట్లో సుఖంగా ఉంది. మీ చేతి ముద్ద మానమని నేను చెప్పను. అయితే, తిన్నన్ని రోజులే బతుకుతుందన్న మాట కుక్కల విషయంలో నిజం కాదని తేలింది. 48 లాబ్రడార్ కుక్కపిల్లలను జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదానికన్నా పాతిక శాతం తక్కువ తిండి పెట్టుకుంటూ జీవితాంతం చూశారు. 2002లో ఫలితాలు బయటపెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లనొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. చిన్న కుక్కలకూ ఈ నష్టం తప్పదు. యార్క్‌షైర్ టెర్రియర్ అనే చిన్న జాతి మగకుక్కల్లో లావుగా ఉన్నవి, సరైన బరువున్న వాటికన్నా రెండున్నరేళ్ల ముందే పోతున్నాయని 2019లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. స్నూపి మీ మంచం పక్కన ఎక్కువ ఏండ్లు పడుకోవాలంటే ఆ ముద్ద చిన్నది కావాలి.

టీచరమ్మా, ఇక చేయాల్సింది మీరు. ప్యాకెట్ తెచ్చారు గానీ, దాన్ని పగలంతా ఇంట్లో ఉండే మనిషి చేతికి ఇవ్వలేదు. ఒక మూత డబ్బా తీసుకోండి. రోజూ పొద్దున స్నూపి ఆ రోజంతా తినాల్సిన తిండి తూచి అందులో పెట్టి, ఆ డబ్బా అత్తమ్మగారికి అప్పగించండి. చాయ్ వేళ కొంచెం, మధ్యాహ్నం కొంచెం, సాయంత్రం కొంచెం, ఆమె ఇష్టం. నాలుగుసార్లు పెట్టినా అయిదుసార్లు పెట్టినా డబ్బాలోంచే పెట్టాలి. మీ ఆయన పెట్టాలన్నా, పిల్లలు పెట్టాలన్నా ఆమెను అడిగి ఆ డబ్బాలోంచే తీసుకోవాలి. ఖాళీ అయితే ఆ రోజుకు అయిపోయినట్టే.

డబ్బాలో ఏముండాలి? బరువు తగ్గించే రకం ప్యాకెట్ తిండి అయితే దాని మీద రాసిన కెలరీలు చూడండి. చాలావాటిలో వంద గ్రాములకు 300 నుంచి 330 దాకా ఉంటాయి కనుక దాదాపు వంద గ్రాములు సరిపోతాయి. ఇంటి తిండే పెడతామంటే, కోడికూరలో మసాలా వేయకముందే తోలు లేని మెత్తటి ముక్కలు పక్కకు తీసి, ఉప్పు కారం లేకుండా ఉడికించండి. ఉడికిన మాంసం వంద గ్రాములు, అన్నం చిన్న కటోరాకు తక్కువగా ఎనభై గ్రాములు, ఉడికించిన సొరకాయో బీరకాయో క్యారెట్టో వంద గ్రాములు. నూనె, నెయ్యి వద్దు. ఇలా నెలల తరబడి పెడితే కాల్షియం, ఖనిజాలు చాలవు. అందుకని పశువైద్యుడిని అడిగి సప్లిమెంట్ రాయించుకోండి. పాత తిండి నుంచి కొత్తదానికి పది రోజుల్లో మెల్లగా మార్చండి. ఒక్కసారిగా కడుపు మాడ్చొద్దు, ఆ విషయంలో అత్తమ్మగారి మాట ముమ్మాటికీ నిజం.

పైన చెప్పిన ఇంటి తిండి కొలతలో ఓ ముప్పై కెలరీలు మిగులుతాయి. అవి చిరుతిండికి. బిస్కెట్ బదులు కీర దోసకాయ ముక్కలు చేతితో తుంచి పెట్టమనండి. కరకరమంటే చాలు, చాలా కుక్కలు ఇష్టంగా తింటాయి. ఉల్లిగడ్డ, వెల్లుల్లి కలిసిన కూర ఏ కొంచెమైనా పెట్టొద్దు, అవి నెత్తురును దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీలను పాడుచేస్తాయి. మటన్ కొవ్వు తిని క్లోమం వాచి, వాంతులతో ప్రాణం మీదికి తెచ్చుకునే చిన్న కుక్కలుంటాయి. ఉడికిన బొక్కలు ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటాయి. ఆదివారం స్నూపికి కూడా మామూలు డబ్బానే.

నడకకు తొందరపడకండి. నల్లగొండ ఎండలో దట్టమైన బొచ్చున్న లావు కుక్కను నడిపించడం ప్రమాదం. తెల్లవారకముందో, పొద్దుగూకి రోడ్డు చల్లారినాకో పది నిమిషాలు చాలు. అరచేయి రోడ్డు మీద పెట్టి చూడండి. మీకు చురుక్కుమంటే దాని పాదాలకూ అంతే. దగ్గు, ఆయాసం వస్తే అక్కడే ఆపేయండి. మెట్లు వద్దు, మంచం దగ్గర ఎత్తు తక్కువ పీట ఒకటి వేయండి.

పదిహేను రోజులకోసారి ఒకే కాంటా మీద తూచి క్యాలెండర్‌లో రాయండి. దవాఖాన దూరమైతే తెలిసిన కిరాణా దుకాణంలో బుట్టలో కూర్చోబెట్టి తూచి, బుట్ట బరువు తీసేయండి. వారానికి 110 నుంచి 220 గ్రాములు తగ్గితే మంచి వేగం. అంతకన్నా వేగంగా దిగుతుంటే డబ్బా కాస్త పెంచండి. ఈ లెక్కన ఎనిమిది కిలోలకు రావడానికి అయిదారు నెలలు పడుతుంది. రెండు తూకాల మధ్య అసలు కదలకపోతే, బయటి తిండి ఎవరూ పెట్టడం లేదని రూఢి చేసుకొని, డబ్బాలో పదోవంతు తగ్గించి డాక్టరుకు చూపించండి. ఎనిమిదికి చేరాక కూడా డబ్బా పద్ధతి ఆపొద్దు. బరువు నిలకడగా ఉండేదాకా కొలత కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోండి.