దేవుని మాట వినేది ఎట్లా? – సేవాభాయా నేర్పిన పాఠం

 

కష్టం వస్తే మనమందరమూ దేవునికి మొక్కుతాము. మొక్కినాక ఆయన చెప్పేది వినేది ఎట్లా? దీని గురించి సంత్ సేవాలాల్ మహరాజ్ జీవితం నుండి ఒక పాఠం రాస్తున్నాను.

సేవాలాల్ ఎవరు?

సేవాలాల్ సుగాలీల గురువు. మనవాళ్లు ప్రేమగా సేవాభాయా అంటారు. తండ్రి భీమా నాయక్, తల్లి ధర్మిణి. 1739 ఫిబ్రవరి 15న పుట్టినాడని చెప్తారు. బేతంచెర్ల నుండి డోన్ మీదుగా గుత్తికి పోతే, ఆ దగ్గరలో సేవాగఢ్ ఉంది. ఆయన అక్కడ పుట్టినాడని మన వైపు నమ్మకం. కర్ణాటక వాళ్లు సూరగొండనకొప్పలో పుట్టినాడంటారు.

ఆ రోజుల్లో సుగాలీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా తిరిగేవాళ్లు. దాన్ని లదేణి అంటారు. దారి తప్పితే నీళ్లుండవు, మేత ఉండదు. అందుకే ఏ దారిన పోవాలనేది వాళ్లకు ప్రాణంతో సమానం.

పెద్దలు చెప్పే కథ

సేవాభాయా ఆవులు మేపుకుంటుండగా జగదంబ దేవత కనిపించి, "నువ్వు నా భక్తునివి కావాలి" అని అడిగిందట. ఆయన వెంటనే సరే అనలేదు. జీవాలను కోసి బలి ఇచ్చే పూజ తనకు ఇష్టం లేదన్నాడట. ఆ తర్వాత తండాకు ఎన్నో కష్టాలు వచ్చినాయి. చివరికి ఆయన దేవత మాట ఒప్పుకున్నాడు, జనానికి దారి చూపినాడు. నేటికీ ఆయన జయంతి రోజు నిప్పులో నెయ్యి, బెల్లం వేసి భోగ్ చేస్తారు.

సేవాభాయా ఎప్పుడూ చెప్పేది ఏమంటే, ముందు తెలుసుకోవాలి, తర్వాత పరీక్షించాలి, ఆ తర్వాతనే నమ్మాలి. దేవుని మాట అని ఎవరన్నా చెప్పినా గుడ్డిగా తల ఊపకూడదు. పరీక్షించి నమ్మినాక మాత్రం, కష్టం వచ్చినా వదలకూడదు.

నాకు జరిగింది

పోయిన ఏడు వానలు లేక మా చేను ఎండిపోయింది. అప్పు మిగిలింది. మా యాడి, బా మిరపకాయలు కోసేదానికి గుంటూరు వైపు సుగ్గికి పోయినారు. పండక్కి ఇంటికి పోతే ఒకాయన వచ్చి, "నాపరాయి గనిలో పనికి రా, రోజూ కూలీ ఇస్తా. ఇది దేవుడు చూపించిన దారి అనుకో" అన్నాడు. నాకూ అట్లే అనిపించింది.

ఆ రాత్రి మొక్కుకున్నాను. చెవికి ఏ మాటా వినపడలేదు. పొద్దున మా దాది (అవ్వ) ఒక్కటే అడిగింది: "దేవుడు చెప్పినాడా, అప్పు చెప్పిందా?"

హాస్టలుకు వచ్చి వార్డెన్ సార్‌ను అడిగినాను. పద్దెనిమిది ఏండ్లు నిండని పిల్లలను గనిలో పెట్టుకోవడం చట్టానికి విరుద్ధం అని సార్ చెప్పినారు. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు చెడిపోతాయని కూడా చెప్పినారు. ఇక్కడ తిండి, పుస్తకాలు ఉచితం, చదువు ఆపొద్దు అన్నారు. నాకు కావలసిన మాట దాది నోట, సార్ నోట వచ్చిందని అప్పుడు తెలిసింది.

అప్పు ఇంకా తీరలేదు. ఈ ఏడు కూడా మా వాళ్లు సుగ్గికి పోతారు. తలుచుకుంటే ఒక్కోసారి ఏడుపు వస్తుంది. అయినా నేను తరగతిలోనే ఉన్నాను.

మనం నేర్చుకోవలసినవి

1. మొక్కిన తర్వాత కాసేపు గమ్మున ఉండాలి. భయం, ఆశ కూడా దేవుని గొంతుతో మాట్లాడతాయి.
2. మనసుకు తోచిన మాటను మన మంచి కోరే ఇద్దరు పెద్దల ముందు పెట్టాలి. ఎవరికీ చెప్పొద్దు అనే మాట అయితే అది దేవునిది కాదు.
3. ఆ మాట వల్ల ఏ జీవికైనా కీడు జరుగుతుందా అని చూడాలి.
4. అది మంచి దారి అని తేలినాక, కష్టం తొందరగా తీరకపోయినా నడవాలి.

చెంచు మిత్రులు ఓబులేసును మొక్కుతారు, కొందరు మద్దిలేటి స్వామిని, కొందరు ఏసును, కొందరు అల్లాను. ఎవరిని మొక్కినా ఈ పాఠం పనికొస్తుంది. మీలో ఎవరికైనా ఇంటి నుండి "చదువు మానుకొని రా" అని కబురు వస్తే, పెట్టె సర్దుకునే ముందు ఒక్కసారి వార్డెన్ సార్ గది దాకా పోండి.

– 9వ తరగతి విద్యార్థి