ఆనర్స్ పట్టభద్రత

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంటర్మీడియట్ తరువాత ఆనర్స్ చదువులో చేరదలచిన విద్యార్థి ఆ పట్టాను పొందడానికి ఏ నియమాలను నెరవేర్చవలసి ఉంటుందో, ఆ నియమాల వెనుక ఉన్న విద్యాదృష్టి ఎటువంటిదో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో ఉదంకుడనే శిష్యుని కథ ఉన్నది. గురుకులంలో విద్య ముగించినా, గురుదక్షిణ సమర్పించనిదే తన చదువు పూర్తి అయినట్లు అతడు భావించలేదు. పౌష్య మహారాజు దేవేరి ధరించే కుండలాలను గురుపత్ని కోరింది. ఉదంకుడు వాటిని యాచించి తెచ్చుచుండగా తక్షకుడు అపహరించాడు. శిష్యుడు నాగలోకం వరకు వెంబడించి, వాటిని సాధించి, చెప్పిన గడువులోగా గురుపత్నికి సమర్పించాడు. గురువు బోధించిన పాఠాలలో నాగలోకానికి దారి లేదు. ఆ దారిని శిష్యుడే వెదకుకొనవలసి వచ్చింది. పాఠాలు ముగియడం ఒక దశ. నేర్చిన దానితో, ఎవరూ చెప్పని కార్యాన్ని సాధించడం అంతకు పై దశ. నేటి విశ్వవిద్యాలయాలు ఆనర్స్ పట్టాకు ఏర్పరచిన నియమాలను పరిశీలిస్తే ఈ రెండు దశలూ వాటిలో కనిపిస్తాయి.

ఆనర్స్ విద్య తెలుగునేలకు కొత్తది కాదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదట బెజవాడలోనే ఏర్పడింది. కట్టమంచి రామలింగారెడ్డి దానికి తొలి ఉపాధ్యక్షులు. 1930లో విశ్వవిద్యాలయ కేంద్రం వాల్తేరుకు తరలింది. ఆ కాలంలో ఇంటర్మీడియట్ తరువాత సామాన్య బి.ఏ.కు రెండేళ్ళు, ఆనర్స్‌కు మూడేళ్ళు చదవవలసి ఉండేది. ఒక శాస్త్రాన్ని ఎన్నుకొని, దానిని మూలం నుండి శాఖల వరకు పరిశీలించడం ఆనర్స్ పద్ధతి. కృష్ణా జిల్లాకు చెందిన పింగళి లక్ష్మీకాంతం వంటి విద్వాంసులు ఆ విశ్వవిద్యాలయంలో తెలుగు సాహిత్యాన్ని బోధించారు. కాలక్రమంలో మూడేళ్ళ డిగ్రీ విధానం అంతటా వ్యాపించడంతో ఆ పాత ఆనర్స్ మన ప్రాంతంలో మరుగున పడింది.

అది నూతన రూపంలో మరల వచ్చింది. జాతీయ విద్యావిధానం 2020ని అనుసరించి, విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో డిగ్రీ చదువులకు ఒక చట్రాన్ని ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 విద్యాసంవత్సరంలో ఒకే ప్రధాన విషయంతో కూడిన ఆనర్స్ విధానం ప్రవేశపెట్టబడింది. పటమటలో ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థికి నేడు ఈ మార్గం ఇంటికి దూరమైనది కాదు. పటమట మీదుగా సాగే బందరు రోడ్డు చివర, మచిలీపట్నంలో, 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం ఉన్నది. అయితే కళాశాల చేరువలో ఉన్నంత మాత్రాన పట్టా చేరువలో ఉన్నట్లు కాదు. నియమాలను మొదటి రోజుననే తెలిసికొన్న విద్యార్థికీ, మూడవ సంవత్సరం చివర తెలిసికొన్న విద్యార్థికీ ఎంతో అంతరం ఉన్నది.

ఆ నియమాలలో మొదటిది క్రెడిట్ల లెక్క. పదిహేను వారాల సెమిస్టరులో వారానికి ఒక గంట చొప్పున సాగే బోధనకు ఒక క్రెడిట్. ప్రయోగశాలలోనో, క్షేత్రంలోనో చేసే పనికైతే వారానికి రెండు గంటలకు ఒక క్రెడిట్. మూడేళ్ళ డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ళ ఆనర్స్‌కు కనీసం 160 క్రెడిట్లు సంపాదించాలి. అనగా ఎనిమిది సెమిస్టర్లలో ఒక్కొక్క దానికి సగటున ఇరవై.

ఈ 160 క్రెడిట్లను విద్యార్థి తనకు నచ్చినట్లు కూడగట్టడానికి వీలులేదు. నిధుల సంఘం చట్రం ప్రకారం వీటిలో కనీసం 80 ప్రధాన విషయానికి, 32 ఉపవిషయానికి చెందాలి. ఇతర శాస్త్రాల పరిచయానికి 9, భాషాసామర్థ్యానికి 8, వృత్తినైపుణ్యానికి 9 కేటాయించారు. పర్యావరణం వంటి విలువల పాఠాలకు 6 నుండి 8, వేసవిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 2 నుండి 4 క్రెడిట్లు ఉంటాయి. చివరి 12 క్రెడిట్లు పరిశోధనకు గాని, దానికి బదులుగా చదివే మూడు ఉన్నతస్థాయి పాఠ్యాంశాలకు గాని చెందుతాయి. ఈ పంపకంలో సగం ఒకే శాస్త్రానికి దక్కడం గమనింపదగినది. ఆనర్స్ అనే మాటకు అర్హత తెచ్చేది ఈ సగమే. మిగిలిన సగం, ఆ శాస్త్రం లోకానికి దూరమై ఒంటరిగా నిలువకుండా కాపాడుతుంది.

రెండవ నియమం మార్కులకు సంబంధించినది. నాలుగవ సంవత్సరంలో పరిశోధనతో కూడిన ఆనర్స్‌ను ఎన్నుకొనడానికి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, అంతకు పైబడి మార్కులు ఉండాలి. పరీక్షకు కూర్చొనడానికి సాధారణంగా కోరే 75 శాతం హాజరుతో దీనిని పొరబడే విద్యార్థులు కలరు. హాజరు తరగతి గదికి సంబంధించినది; ఈ మార్కులు మూడేళ్ళ శ్రమకు సంబంధించినవి. మొదటి సెమిస్టరులో ఏమరపాటున పోగొట్టుకొన్న మార్కులను ఆరవ సెమిస్టరులో పూడ్చుకొనడం మిక్కిలి కష్టం. ఇంటర్మీడియట్ రెండేళ్ళ ఒత్తిడి తీరిందని డిగ్రీ మొదటి సంవత్సరాన్ని విశ్రాంతిగా గడిపే అలవాటు ఇక్కడనే నష్టాన్ని కలిగిస్తుంది. 75 శాతం రానివారికి ఆనర్స్ ద్వారం మూసుకొనిపోదు. వారు పరిశోధనకు బదులు మూడు పాఠ్యాంశాలు చదివి అదే 160 క్రెడిట్లతో ఆనర్స్ పట్టాను పొందవచ్చును.

మూడవ నియమం కాలానికి సంబంధించినది. ఇంటి పరిస్థితులు అనుకూలింపక మొదటి సంవత్సరం చివర, 40 క్రెడిట్లతో చదువు ఆపవలసి వచ్చిన వారికి సర్టిఫికెట్, రెండవ సంవత్సరం చివర, 80 క్రెడిట్లతో ఆపిన వారికి డిప్లొమా లభిస్తాయి. వేసవిలో నాలుగు క్రెడిట్ల వృత్తివిద్యాంశాన్ని పూర్తి చేయడం ఇందుకు షరతు. అట్లు వెళ్ళినవారు మూడేళ్ళలోగా మరల చేరి, మొత్తం ఏడేళ్ళ గరిష్ఠ కాలంలో పట్టాను పూర్తి చేయవచ్చును. సంపాదించిన క్రెడిట్లను 2021లో ఏర్పడిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో విద్యార్థి పేరిట జమ చేస్తారు. తండ్రికి జబ్బు చేసినందువలననో, పంట పోయినందువలననో చదువు మానిన బిడ్డకు పూర్వం అంతవరకు చదివినదంతా వృథా అయ్యేది. ఈ నియమం ఆ నష్టాన్ని కొంత తగ్గించింది.

నాలుగవదియు, కీలకమైనదియు పరిశోధన. 12 క్రెడిట్ల ఈ కార్యంలో విద్యార్థి ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో ఒక ప్రశ్నను ఎన్నుకొని, ఆధారాలు సేకరించి, తాను కనుగొన్న దానిని వ్యాసంగా సమర్పించాలి. ప్రశ్న కొరకు ఎక్కడికో వెళ్ళనక్కర లేదు. రసాయనశాస్త్ర విద్యార్థికి బందరు కాలువ నీరు ఉన్నది. చరిత్ర విద్యార్థికి 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట, దానివలన మారిన డెల్టా గ్రామాలు ఉన్నాయి. తెలుగు విద్యార్థికి సేద్యగాండ్ర నోట, కలంకారీ పనివారి నోట నిలిచిన పలుకుబళ్ళు ఉన్నాయి. ప్రశ్న చిన్నది కావచ్చును. సమాధానం మాత్రం సొంతమైనది కావాలి.

ఇక్కడనే పెద్ద ప్రమాదం పొంచి ఉన్నది. పూర్వ విద్యార్థుల నివేదికలకు పేరు మార్చి అట్ట వేయించడం, డబ్బిచ్చి వ్రాయించుకొనడం, నేడు యంత్రం చేత వ్రాయించడం అక్కడక్కడ కనిపించే దురాచారాలు. ఇట్టి వ్యాసంతో 12 క్రెడిట్లు జమ కావచ్చును గాని, ఆ విద్యార్థికి నాగలోకపు దారి తెలియదు. పటమటను ఆనుకొని ఉన్న ఆటోనగర్ షెడ్లలో ఈ సంగతి అందరికీ తెలిసినదే. అక్కడ పనికి కుదిరిన కుర్రవాడు ఎన్నేళ్ళు పానాలు అందించాడన్న లెక్కతో మేస్త్రీ కాడు. మొరాయించిన ఇంజనును అతనికి అప్పగించి, పెద్ద మేస్త్రీ పక్కకు తప్పుకొన్న రోజున, దోషం ఎక్కడున్నదో తానే కనిపెట్టినప్పుడు మేస్త్రీ అవుతాడు. ఇంకొకరు బాగుచేసిన ఇంజనును చూపి ఆ పేరు పొందడానికి ఆ షెడ్డులో ఎవరూ ఒప్పుకొనరు. విశ్వవిద్యాలయం అంతకంటె తక్కువ నిక్కచ్చిగా ఉండరాదు.

నాలుగవ సంవత్సరం చదవడం అందరికీ అవసరమా అన్నది న్యాయమైన ప్రశ్న. మూడేళ్ళకు డిగ్రీ తీసికొని ఉద్యోగంలో చేరి ఇంటిని ఆదుకొనే బిడ్డ ఎవరికంటెను తక్కువవాడు కాడు. ఒక సంవత్సరపు ఫీజు, ఆ సంవత్సరంలో రాని జీతం సామాన్య కుటుంబానికి చిన్న భారం కాదు. మరొకవైపు ప్రయోజనాలను కూడ తూచి చూడాలి. నిధుల సంఘం నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ ఆనర్స్ చదివినవారికి ఒక సంవత్సరపు పి.జి. మార్గం ఉన్నది. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం పొందినవారికి పిహెచ్.డి. ప్రవేశానికి నేరుగా అర్హత కలుగుతుంది. బోధన, పరిశోధన రంగాలను కోరేవారికి ఆ సంవత్సరం పెట్టుబడి వంటిది. తోటివారు చేరారని చేరడం, ఉద్యోగం దొరకలేదని కొనసాగడం మాత్రం తగిన కారణాలు కావు. నియమాలు కాలానుసారం మారుతుంటాయి కనుక, విద్యార్థి తాను చేరిన సంవత్సరపు నియమావళిని కళాశాలలో అడిగి తీసికొని స్వయంగా చదువుకొనాలి.

ఒక శాస్త్రాన్ని నమ్ముకొన్న చదువు ఎంత దూరం తీసికొనిపోగలదో కల్యంపూడి రాధాకృష్ణారావు జీవితం చాటుతున్నది. 1920లో జన్మించిన ఆయన బాల్యంలో కొంతకాలం నూజివీడు, నందిగామలలో చదివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితాన్ని అభ్యసించి, 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుండి సాంఖ్యకశాస్త్రంలో ఎం.ఏ. పొందారు. 1945లో ఆయన ప్రకటించిన పరిశోధన వ్యాసంలోని ఫలితం క్రామర్-రావు అసమానతగా లోకప్రసిద్ధమైనది. 2023లో, నూట రెండేళ్ళ వయస్సులో, అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారం ఆయనను వరించింది. ఆ వ్యాసం వ్రాసేనాటికి ఆయన వయస్సు పాతిక దాటలేదు. ఆనర్స్ నాలుగవ సంవత్సరపు విద్యార్థి వయస్సు దానికి ఎంతో దూరం కాదు. అందరూ రాధాకృష్ణారావులు కానక్కర లేదు. తన పేరు కింద ఉన్న ప్రతి అక్షరానికి తాను పూచీపడగల వ్యాసాన్ని ఒక్కదానినైనా వ్రాయడం శ్రద్ధ గల ప్రతి విద్యార్థికి సాధ్యమే. పట్టాపై గల ఆనర్స్ అనే మాట కోరేది ఆ పూచీనే.

అర్థాలు

దేవేరి = రాజు భార్య, రాణి
కుండలాలు = చెవులకు ధరించే ఆభరణాలు
అంతరం = భేదం
చట్రం = ఒక విధానానికి ఆధారమైన ఏర్పాటు
పానా = మరలు బిగించే, విప్పే పనిముట్టు
నిక్కచ్చి = ఖచ్చితత్వం
సాంఖ్యకశాస్త్రం = గణాంకాలను విశ్లేషించే శాస్త్రం
పూచీ = బాధ్యత, హామీ

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఆనర్స్ పట్టాను పూర్తి చేయడానికి నెరవేర్చవలసిన నియమాలను వివరించండి.
2. ఉదంకుని కథకు, ఆనర్స్ నాలుగవ సంవత్సరానికి గల పోలికను చర్చించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. పాత కాలపు ఆనర్స్‌కు, సామాన్య బి.ఏ.కు భేదమేమి?
2. చదువు మధ్యలో ఆపవలసి వచ్చిన వారికి నేటి విధానం కల్పించిన అవకాశాలేవి?
3. ఆటోనగర్ షెడ్డు ఉదాహరణ ద్వారా రచయిత ఏమి సూచించారు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదట ఎక్కడ ఏర్పడింది?
2. ఆనర్స్ పట్టాకు కనీసం ఎన్ని క్రెడిట్లు కావాలి?
3. క్రామర్-రావు అసమానతకు మూలమైన వ్యాసం ఏ సంవత్సరంలో వెలువడింది?