యక్షప్రశ్నల్లో హోమ్ లోన్: ముడుపు పద్ధతిలో అప్పు ముందే తీర్చడం ఎలా?

యక్షప్రశ్నల వీడియోలో ఒక ప్రశ్న దగ్గర ఆగి, దీని గురించి విడిగా రాస్తానని చెప్పాను కదా. ఆ పోస్ట్ ఇదే. ఈసారి కొంచెం లెక్కలు కూడా ఉంటాయి. భయపడకండి, అన్నీ ఫోన్ క్యాలిక్యులేటర్‌లో చూసుకోగలిగినవే.

యక్షుడు ఏమడిగాడు?

అరణ్యపర్వంలో యక్షుడు ధర్మరాజుని అడుగుతాడు: లోకంలో నిజంగా సంతోషంగా ఉన్నవాడు ఎవడు? రాజ్యం ఉన్నవాడనో, బంగారం ఉన్నవాడనో ధర్మరాజు చెప్పలేదు. పొద్దుపోయాకైనా సరే, తన ఇంట్లో తాను కాస్త ఆకుకూర వండుకుని తినేవాడు, అప్పు లేనివాడు, ఊరు వదిలి పోవలసిన అవసరం లేనివాడు, వాడే సంతోషంగా ఉన్నవాడని చెప్పాడు.

ఈ మాట ఎవరు చెప్తున్నారో కూడా చూడాలి. జూదంలో ఇల్లు, రాజ్యం అన్నీ పోగొట్టుకుని పన్నెండేళ్లుగా అడవుల్లో తిరుగుతున్న మనిషి చెప్తున్నాడు. ఆయన నోట మొదట వచ్చినవి సొంత గూడు, సాదా తిండి, అప్పు లేకపోవడం.

ఇప్పుడు మన సంగతి. మనలో చాలామందిమి ఊరు వదిలి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నాం. సొంత ఇల్లు ఉంది, కానీ దాని పత్రాలు బ్యాంకు లాకర్లో ఉన్నాయి. ఆకుకూర వండుకునే బదులు యాప్‌లో ఆర్డర్ పెడుతున్నాం. అంటే ధర్మరాజు చెప్పిన మూడింటిలో మనకి ఒకటి కూడా పూర్తిగా లేదు! సరదాగా అన్నా, దీని వెనక బరువైన విషయం ఉంది. మా టీమ్‌లో ఒకతని ఉద్యోగం పోయిన రోజు అతను నన్ను అడిగిన మొదటి మాట కొత్త ఉద్యోగం గురించి కాదు. "ఐదో తారీఖు ఈఎంఐ కట్ అవుతుంది కదా, దాన్ని ఆపే దారి ఏమైనా ఉందా?" అని. అతనికి ఇంకా పందొమ్మిదేళ్ల లోన్ మిగిలి ఉంది. అప్పు అనేది నెలకొక అంకె మాత్రమే కాదు, మన నిర్ణయాలన్నిటి మీదా అది కూర్చుని ఉంటుంది.

వడ్డీకాసులవాడి కథలో లెక్క

పద్మావతీదేవితో పెళ్లి కోసం శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడని, కలియుగాంతం వరకు దానికి వడ్డీ కడుతూ ఉంటాడని తిరుమల స్థలపురాణం చెప్తుంది. అందుకే మన ఇళ్లలో స్వామిని ప్రేమగా వడ్డీకాసులవాడు అని పిలుచుకుంటాం. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నది ఊరికే పుట్టిన సామెత కాదు మరి. వడ్డీ కడుతూనే ఉన్నా అసలు తరగకపోవడం అంటే ఏంటో ఆ కథ తెలిసిన వాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు. మన హోమ్ లోన్ మొదటి ఏళ్లు అచ్చం ఇలాగే ఉంటాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 50 లక్షల లోన్, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు. ఈఎంఐ సుమారు 43,391 రూపాయలు. మొదటి నెల కట్టిన దాంట్లో 35,417 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది 7,975 మాత్రమే. పదేళ్లు ఒక్క నెల కూడా తప్పకుండా కడితే మన చేతి నుంచి వెళ్లేది దాదాపు 52 లక్షలు. అప్పటికి ఇంకా బాకీ ఎంతో తెలుసా? సుమారు 35 లక్షలు. సగం దారి నడిచాక కూడా అప్పు సగం అవ్వలేదు. మొత్తం 20 ఏళ్లలో వడ్డీ ఒక్కటే 54 లక్షలు దాటుతుంది, అంటే తీసుకున్న అసలు కంటే ఎక్కువ.

ఇందులో బ్యాంకు మోసం ఏమీ లేదండి. ప్రతి నెలా మిగిలిన అసలు మీద వడ్డీ లెక్క వేస్తారు. మొదట్లో అసలు ఎక్కువ కాబట్టి వడ్డీ కూడా ఎక్కువ. ఇదే సూత్రాన్ని మనవైపు తిప్పుకోవచ్చు. అసలులో ఈ రోజు ఒక రూపాయి తగ్గిస్తే, ఆ రూపాయి మీద మిగిలిన ఏళ్లన్నీ పడాల్సిన వడ్డీ ఆగిపోతుంది.

అందుకే ముందు కట్టిన రూపాయికి బలం ఎక్కువ. ఇదే లోన్‌లో మొదట్లోనే ఒక లక్ష అదనంగా కడితే సుమారు 12 నెలలు, 4.2 లక్షల వడ్డీ తగ్గుతాయి. అదే లక్ష పదేళ్ల తర్వాత కడితే తగ్గేది 5 నెలలు, 1.3 లక్షల వడ్డీ. "జీతం పెరిగాక చూద్దాంలే" అనుకునే వాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

నెలకు ఐదు వేలు అదనంగా కడితే? మొదటి నెల నుంచి మొదలుపెడితే 20 ఏళ్ల లోన్ 15 ఏళ్ల 7 నెలల్లో అయిపోతుంది. మిగిలే వడ్డీ దాదాపు 13.9 లక్షలు.

ఐదు వేలు ఎక్కడి నుంచి?

దీనికి సన్యాసం తీసుకోనక్కర్లేదు. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు తిండి, నిద్ర, పని అన్నీ తగుమాత్రంగా ఉండాలంటాడు. తిండి మానేసిన వాడికి యోగం కుదరదని కూడా అక్కడే చెప్తాడు. ఖర్చు విషయంలోనూ అంతే. పూర్తిగా కట్టేసుకుంటే రెండు నెలల్లో విసుగొచ్చి డబుల్ ఖర్చు పెడతాం. కావాల్సింది ఎరుక, అంటే డబ్బు చేయి దాటే ముందు ఒక్క క్షణం చూడడం.

మా ఇంట్లో లెక్క ఇలా వచ్చింది. వారానికి మూడు ఫుడ్ ఆర్డర్లని ఒకటి చేశాం. నెలకి ఎనిమిది ఆర్డర్లు తగ్గాయి, ఒక్కోటి 350 చొప్పున 2,800. వారానికి రెండు రోజులు క్యాబ్ బదులు మెట్రో ఎక్కితే రోజుకు 150 చొప్పున 1,200. చూడని ఓటీటీలు, వెళ్లని జిమ్ యాప్ కలిపి 600. కాఫీ షాపు నెలకి నాలుగు సార్ల నుంచి రెండు సార్లకి, 500. మొత్తం 5,100. బిర్యానీ మానలేదు, ఊరు వెళ్లడం మానలేదు.

కానీ అసలు చిక్కు ఇక్కడే ఉంది. మిగిలిన 350 అకౌంట్‌లోనే ఉంటే, రేపు ఇంకేదో కొనడానికి వెళ్లిపోతుంది. ఖర్చు మానడం సగం పనే. ఆ డబ్బుని అక్కడి నుంచి కదిలించడం మిగతా సగం.

ముడుపు పద్ధతి

మన అమ్మమ్మలకి దీనికి ఉపాయం తెలుసు. స్వామికి మొక్కుకుంటే పసుపు గుడ్డలో డబ్బు ముడుపు కట్టి దేవుడి గదిలో పెట్టేవాళ్లు. ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా ఆ ముడి విప్పరు. ఎందుకంటే ఆ డబ్బుకి పేరు పెట్టేశారు, అది ఇంక తమది కాదు. స్వామి ముడుపు స్వామిదే, దాన్ని ముట్టుకోమని నేను అనడం లేదు. ఆ క్రమశిక్షణని మాత్రం అప్పుకి వాడుకుందాం.

మొదటిది: కార్డు, యూపీఐ ఏవీ లేని ఒక సేవింగ్స్ అకౌంట్ విడిగా పెట్టుకోండి. దానికి "ముడుపు" అని పేరు పెట్టుకోండి.

రెండోది: ఏదైనా ఆర్డర్ పెట్టబోయి ఆగిపోతే, ఆ మొత్తాన్ని అప్పటికప్పుడే ముడుపులోకి పంపండి. రాత్రికి చూద్దాం, నెలాఖరుకి చూద్దాం అంటే కుదరదు.

మూడోది: వెయ్యి దాటిన ఏ వస్తువైనా కార్ట్‌లో పెట్టి ఒక రాత్రి ఆగండి. పొద్దున దీపం పెట్టాక కూడా అది కావాలనిపిస్తే కొనుక్కోండి. చాలాసార్లు గుర్తే ఉండదు.

నాలుగోది: శనివారం ఒంటిపూట ఉండే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఉపవాసం చేసినా చేయకపోయినా, ఆ రోజుని ఆర్డర్ లేని రోజు చేసుకోండి. ఇంట్లో వండుకోండి. ధర్మరాజు చెప్పిన ఆకుకూర అదే!

ఐదోది: మూడు నెలలకోసారి ముడుపు విప్పి, మొత్తం లోన్ అసలులోకి పార్ట్ పేమెంట్ చేయండి. బోనస్ వచ్చిన ఏడాది అందులో ఒక భాగం కూడా కలపండి. ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టినా పై ఉదాహరణలో మూడేళ్లకు పైగా తగ్గుతుంది.

వేటి మీద కోత పెట్టకూడదు?

మనిషి పుట్టుకతోనే మూడు ఋణాలతో పుడతాడని శాస్త్రం: దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం. బ్యాంకు ఋణం నాలుగోది అనుకోండి. నాలుగోది తీర్చడానికి మొదటి మూడూ ఎగ్గొట్టకూడదు. అమ్మానాన్నలకి పంపే డబ్బు, వాళ్ల మందులు, చేతనైనంత దానం, మీ చదువు, పుస్తకాలు, ఇవి దుబారా కాదు. హెల్త్ ఇన్సూరెన్స్, టర్మ్ ఇన్సూరెన్స్ కూడా అంతే.

ఇంకో ముఖ్యమైన మాట. లోన్‌లోకి వెళ్లిన డబ్బు అవసరానికి మామూలుగా వెనక్కి రాదు. కాబట్టి ముందు కనీసం ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోండి. ఆ తర్వాతే పార్ట్ పేమెంట్. నేను పైన చెప్పిన కొలీగ్ నిలదొక్కుకున్నది అలాంటి నిల్వతోనే. అలాగే క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు అది తీర్చండి. చాలా కార్డుల్లో బాకీ మీద ఏడాదికి 36 శాతం దాటే వడ్డీ ఉంటుంది. దాన్ని ఉంచుకుని 8.5 శాతం అప్పు ముందే తీర్చడం తెలివైన పని కాదు.

బ్యాంకులో ఏం అడగాలి?

వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌ని ముందే తీరిస్తే బ్యాంకులు పెనాల్టీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది. ఫిక్స్‌డ్ రేటు అయితే మీ అగ్రిమెంట్ ఒకసారి చదవండి. పార్ట్ పేమెంట్ చేసేటప్పుడు "ఈఎంఐ అలాగే ఉంచండి, గడువు తగ్గించండి" అని స్పష్టంగా రాసివ్వండి. ఈఎంఐ తగ్గించుకుంటే వడ్డీలో మిగిలేది చాలా తక్కువ.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు 4 శాతం నుంచి 6.5కి పెరిగినప్పుడు చాలామందికి ఈఎంఐ మారలేదు కానీ గడువు పెరిగిపోయింది. అందుకే ఏడాదికోసారి స్టేట్‌మెంట్ తెప్పించుకుని ఇంకా ఎన్ని నెలలు మిగిలాయో చూసుకోండి. 2025లోలాగా రేటు తగ్గినప్పుడు పాత ఈఎంఐనే కొనసాగించండి. మీకు కొత్తగా ఏ భారం లేకుండానే గడువు తగ్గుతుంది.

"ఆ డబ్బు ఎస్ఐపీలో పెడితే ఎక్కువ వస్తుంది కదా బ్రో?" అని కామెంట్ తప్పకుండా వస్తుంది. రావచ్చు, రాకపోనూ వచ్చు. మార్కెట్ రాబడికి హామీ లేదు, తీర్చిన అప్పు మీద ఆగిన 8.5 శాతం మాత్రం ఖాయం. రెండూ సగం సగం చేసుకున్నా తప్పు లేదు. పన్ను మినహాయింపు కోసం లోన్ ఉంచుకోమనే వాళ్లకి ఒక లెక్క: పాత విధానంలో సొంతంగా ఉండే ఇంటికి ఏడాదికి 2 లక్షల వడ్డీ వరకే మినహాయింపు. కొత్త విధానంలో అది కూడా లేదు. మన ఉదాహరణలో మొదటి ఏడాది వడ్డీ నాలుగు లక్షల పైనే.

లోన్ పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలు తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు చెల్లించాలి. ఇది రిజర్వ్ బ్యాంకు 2023లో పెట్టిన నియమం. నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. తర్వాత ఈసీ తీయించి, మీ ఇంటి మీద తాకట్టు తొలగిందో లేదో చూసుకోండి.

ఈ వారం సాధన

శనివారం సాయంత్రం దీపం పెట్టాక పది నిమిషాలు కూర్చోండి. పోయిన నెల యూపీఐ హిస్టరీ తెరిచి, ప్రతి ఖర్చు పక్కన ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఇది ఇప్పుడు నాకు గుర్తుందా? గుర్తు కూడా లేని ఖర్చులన్నీ కూడండి. ఆ మొత్తంలో సగం ఈ నెల నుంచి మీ ముడుపు. పెళ్లయిన వాళ్లు ఇద్దరూ కలిసి చేయండి, ఒకరి లెక్కలు ఒకరు తప్పు పట్టుకోవడానికి మాత్రం కాదు.

మీకు ఎంత వచ్చిందో, లోన్‌లో ఎన్ని నెలలు తగ్గాయో కింద రాయండి. వచ్చే వీడియోలో యక్షుడి తర్వాతి ప్రశ్న చూద్దాం.

ఓం నమో వేంకటేశాయ.