గిన్నె ఖాళీగా తిరిగిచ్చినా ఫర్వాలేదు

ఆయన రిటైరయ్యారు. పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి. ఇద్దరం కలిసి మిషన్‌కు వెళ్దామని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాం, ఇప్పటికి వీలు కుదిరింది. తీరా కుదిరాక గుండెల్లో గుబులు. మనవరాలికి ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి, దాన్ని వదిలి ఎలా వెళ్లడం? మోకాళ్లేమో మెట్లు చూస్తేనే మొరాయిస్తున్నాయి. అయినా ఈ వయసులో మనం వెళ్లి ఎవరికి ఏం చేయగలం? ఇవే కదూ చెల్లీ, నీకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనివి? రా, ఇలా కూర్చో. యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘంలో మనం టీ, కాఫీలు ముట్టం కాబట్టి మజ్జిగ కలిపాను. అల్లం కాస్త ఎక్కువే వేశాను. తాగుతూ ఒక్కొక్కటీ తేల్చుకుందాం.

మిషన్ అనగానే మన కళ్ల ముందుకొచ్చేది తెల్ల చొక్కాలు, జేబు మీద నల్ల పేరు బిళ్లలు, ఎండలో వీధి వీధీ తిరిగే కుర్రాళ్లు. పద్దెనిమిదేళ్లకే బయల్దేరి రెండేళ్లు తిరిగే పిల్లల పని అది. పెద్దవాళ్లను ఎవరూ తలుపులు తట్టమనరు. దంపతులైతే 6, 12, 18, 23 నెలల్లో ఎన్నాళ్లు వెళ్లగలమో మనమే చెప్పుకోవచ్చు. మిషన్ ఆఫీసులో లెక్కలు చూడడం, కుర్ర మిషనరీలకు అద్దె ఇళ్లు వెతకడం, చిన్న బ్రాంచీల్లో నాయకులకు తోడుండడం, సహాయ కార్యక్రమాలు, కుటుంబ చరిత్ర రికార్డులు, ఇలా పనులు బోలెడు. భర్త లేని అక్కచెల్లెళ్లు కూడా వెళ్తున్నారు. ఊరు కదల్లేనివాళ్లకు ఇంట్లో ఉంటూనే చేసే సేవా మిషన్ ఉంది. నలభై ఏళ్లు సంసారం లెక్కలు చూసినదానివి, ఆఫీసు లెక్కలు నీకొక లెక్కా?

ఇంకో సంగతి విను. హైదరాబాద్‌లో మన సంఘం వేళ్లూనిందే ఒక భార్యాభర్తల వల్ల. సమోవాలో ఉండగా సంఘంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు గార్లు 1978 డిసెంబరులో మిషనరీలుగా హైదరాబాద్ వచ్చారు. ఎక్కడికో కాదు, ఎల్సీ గారి పుట్టింటి గడపలోకే. ఆమె తండ్రి బాప్టిస్టు పాస్టరు. తర్వాత మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించింది ఆయనే. 2012లో దేశంలోనే మొదటి స్టేకు, అంటే కొన్ని స్థానిక సమాజాలు కలిసిన విభాగం, హైదరాబాద్‌లో ఏర్పడింది. ఒక జంట వెళ్తే ఏమవుతుందని మళ్లీ నన్నడక్కు.

ఇక పనులు చూసుకుందాం. దరఖాస్తుతో పాటు డాక్టరు, పళ్ల డాక్టరు ఇద్దరూ పరీక్ష చేసి రాసివ్వాలి. ఆ కదిలే పన్ను సంగతి ఇక వాయిదా వెయ్యకు, ఈ వారమే వెళ్లు. ఖర్చులు మనవే కాబట్టి, నెలకు ఎంతవుతుందో ఆయనా నువ్వూ కూర్చుని కాగితం మీద రాసుకోండి, నోటి లెక్కలు వద్దు. ఆయన పింఛనుకు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, దాన్ని ఫోన్లోంచే పంపే పద్ధతి ఇక్కడ ఉండగానే నేర్చుకోండి. మాత్రల చీటీలు రెండు సెట్లు తీయించు. ఇంటి తాళం పక్కింటివాళ్లకిచ్చి, నెలకోసారి కుళాయిలు తిప్పి చూడమని చెప్పు.

మనవరాలి సంగతి. కుర్ర మిషనరీలు ఇంటికి వారానికోసారి మాట్లాడతారు, మనకు ఆ కట్టుబాటు లేదు, ఎప్పుడైనా చేసుకోవచ్చు. అయినా రోజూ ఒకే వేళకు పెట్టుకో. చంటిపిల్లలకు వేళ గుర్తుంటుంది. ఆ వేళకు ఫోను కోసం అదే వెతుక్కుంటుంది చూడు. నాలుగు మాటలు చెప్పి పాట పాడించుకుని పెట్టెయ్, ఏడుపు మొహం మాత్రం చూపించకు.

ఎవరూ పైకి అనని బెంగ ఇంకొకటుంది. ఇన్నేళ్లూ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చిన మనిషి ఇప్పుడు ఇరవై నాలుగ్గంటలూ పక్కనే. అదే ఇల్లు, అదే ఆఫీసు, అదే కారు. చిరాకులు రాకుండా ఉంటాయా? వస్తాయి. అందుకే మొదటి వారంలోనే పనులు పంచుకోండి. కూరగాయలు తరగడం, గిన్నెలు కడగడం ఆయనకూ వస్తాయి, రాకపోతే నేర్చుకుంటారు. రోజుకో గంట ఎవరి దారి వాళ్లది. ఆయన నడకకు వెళ్తే నువ్వు నడుం వాల్చు. ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. నెల మొదటి ఆదివారం మనం ఉండే ఉపవాసం విషయంలో మొండికెయ్యొద్దు. షుగర్ మాత్రలు వేసుకునేదానివి డాక్టరును అడక్కుండా పస్తుండకూడదు. ఆరోగ్యం బాగోని వాళ్లు ఉండి తీరాలని సంఘమూ అనదు.

అసలు కష్టం వీటిలో ఏదీ కాదు చెల్లీ. మన చెయ్యి పుట్టినప్పటి నుంచీ వడ్డించే చెయ్యి. ఒకరు మనకు వడ్డిస్తే కూర్చుని తినడం మనకు చేతకాదు. మిషన్‌లో అదే నేర్చుకోవాలి. ఏదో ఇవ్వాలని వెళ్తాం. వెళ్లాక చూస్తే గ్యాస్ బండ మోసుకొచ్చేది పందొమ్మిదేళ్ల కుర్రాడు. ఊళ్లో దారులు తెలియక తికమకపడుతుంటే ఆటో మాట్లాడి ఎక్కించేది బ్రాంచిలో ఒక అమ్మాయి. ఆదివారం కూటం అయ్యాక, రెండు గదుల ఇంట్లో ఐదుగురితో ఉండే ఒక తల్లి రొయ్యల కూర తెచ్చి చేతిలో పెడుతుంది. వాళ్లకే చాలదని మనకు తెలుసు. తీసుకోవాలంటే ప్రాణం ఒప్పదు, కాదంటే ఆమె మొహం చిన్నబోతుంది.

తీసుకో. కడుపారా తిను. మర్నాడు గిన్నె తోమి ఇచ్చేటప్పుడు, ఖాళీగా ఇవ్వకూడదని మన అమ్మలు నేర్పిన అలవాటు చేతిని లాగుతుంది. పంచదారో, రెండు అరటిపళ్లో వేసి వెంటనే లెక్క సరిచేసేద్దామనిపిస్తుంది. ఈ ఒక్కసారికి వద్దు. ఖాళీ గిన్నే ఇచ్చి, కూరలో చింతచిగురు ఎంత బాగా కుదిరిందో, ఆయన రెండోసారి ఎలా వేయించుకున్నారో నిలబడి చెప్పు. ఆవిడ ఇచ్చింది ఆవిడ ఇచ్చినట్టే ఉండనీ. నీ వంతు తర్వాత ఎప్పుడో వస్తుంది, తొందరేముంది?

2020 నవంబరులో, కరోనాతో అందరం బిక్కుబిక్కుమంటున్న రోజుల్లో, మన సంఘానికి అప్పటి ప్రెసిడెంటు రస్సెల్ ఎం. నెల్సన్ గారు వారం రోజుల పాటు రోజూ సోషల్ మీడియాలో కృతజ్ఞతలు రాయమని అందరినీ కోరారు. ఆయన గుండె ఆపరేషన్లు చేసిన డాక్టరు, మందు ఎక్కడ వెయ్యాలో తెలిసిన మనిషి. మిషన్‌లో ఉన్నన్నాళ్లూ మనం దాన్ని కాస్త మార్చుకుందాం. రాత్రి ప్రార్థనకు ముందు, ఈరోజు మనకు ఎవరు ఏం చేశారో ఒక్కరి పేరైనా నోట్‌బుక్‌లో రాద్దాం. ఆ మనిషితో మర్నాడు ఆ మాట అనాలి కూడా. పుస్తకంలోనే ఉండిపోతే వాళ్లకెలా తెలుస్తుంది?

థాంక్స్ చెప్పించుకోవడమూ నేర్చుకోవాలి మనం. జ్వరంతో పడుకున్న మిషనరీ అబ్బాయికి నువ్వు మూడు రోజులు జావ కాచి ఇస్తావనుకో. అమెరికాలోనో, వైజాగ్‌లోనో ఉన్న వాళ్లమ్మ ఫోన్ చేస్తుంది, గొంతు పూడుకుపోయి మాట సరిగ్గా రాదు. "అయ్యో, ఇందులో ఏముందండీ" అనేసి పెట్టెయ్యకు. ఆవిడ చెప్పాలనుకున్నదంతా చెప్పనియ్యి. తర్వాత వాడు రెండు ఇడ్లీలు తిన్నాడనీ, చెమట పట్టి జ్వరం దిగిందనీ, నిద్రలో అమ్మా అని పిలిచాడనీ చెప్పు. ఆవిడ వినాలనుకునేది అదే.