మిరపకాయ బూజు నుండి కణమరణ రహస్యము వరకు
(డాక్టర్ కన్నెగంటి తిరుమలదేవి పరిశోధనా వ్యాసములు – ఒక పరిచయము)

మాఘ ఫాల్గుణ మాసములలో మన కోడూరు వీధుల వెంట నడచినచో వాకిళ్ళలోను, డాబాల మీదను ఎండబెట్టిన మిరపకాయలు కనిపించును. అకాలవర్షమునకు తడిసిన కాయను మన తల్లులు విరిచి చూచి, లోపల బూజు ఉన్నచో అవతల పారవేయుదురు. ఆ బూజులో ఏమున్నదని అడుగు విద్యార్థి మనలో అరుదు. అది పరిశోధనకు తగిన ప్రశ్న అని తలంచువారు మరింత అరుదు. పరిశోధన అనునది ఎక్కడనో దూరనగరములలో, గొప్ప యంత్రముల నడుమ, మనకు సంబంధింపని వారు చేయు పని అను భావము ఈ తీరప్రాంతపు విద్యార్థుల మనసులలో పాతుకొని యున్నది. ఆ భావము సరియైనది కాదని ఒక తెలుగు శాస్త్రవేత్త ప్రచురణలనే సాక్ష్యముగా చూపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

డాక్టర్ కన్నెగంటి తిరుమలదేవి సింగరేణి బొగ్గుగనులకు పేరుపడిన కొత్తగూడెమునకు చెందినవారు. కాకతీయ విశ్వవిద్యాలయమున రసాయన, జంతు, వృక్ష శాస్త్రములతో పట్టము పొందినారు. మన కళాశాలలో ఎందరో చదువుచున్న పాఠ్యాంశములే అవి. పిదప ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఎం.ఎస్‌సి., పిహెచ్.డి. పూర్తిచేసినారు. 2007 లో అమెరికాలోని మెంఫిస్ నగరమందలి సెయింట్ జూడ్ బాలల పరిశోధన ఆసుపత్రిలో రోగనిరోధక శాస్త్ర విభాగమున చేరి, అచ్చట ఆచార్యపీఠము నధిష్ఠించినారు.

రోగనిరోధక శాస్త్రము అనగానేమి?

మశూచికము సోకి బ్రతికినవారికి అది మరల రాదని మన పెద్దలు ఎరుగుదురు. మశూచికమును, తట్టును వేరుపరచి వెయ్యేండ్లకు పూర్వమే అరబ్బీ భాషలో గ్రంథము వ్రాసిన వైద్యుడు అల్ రాజీ పేరు మన ఉర్దూ విద్యార్థులకు పరిచితమే. ఒకసారి చూచిన శత్రువును శరీరము జ్ఞాపకముంచుకొనుట ఈ శాస్త్రములో ఒక భాగము. దీనికి సాధనములు ప్రతిరక్షకములను ప్రోటీన్లు. మునుపెన్నడు చూడని శత్రువును సైతము వచ్చిన కొద్దిసేపటికే పసిగట్టు సహజరక్షణ రెండవ భాగము. తిరుమలదేవి తొలి కృషి మొదటి భాగమును ఉపకరణముగా వాడుకొన్నది. పిమ్మటి కృషి రెండవ భాగమును గూర్చినది.

తొలి ప్రచురణలు: బూజులోని విషము

1960 లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్ళు అంతుపట్టని వ్యాధితో చనిపోయినవి. వాటికి మేతగా పెట్టిన వేరుశనగ చెక్కలోని బూజువిషమే కారణమని తేలినది. అఫ్లటాక్సిన్ అని పేరుపొందిన ఈ విషము కాలేయమును చెరచును. 1974 లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన ప్రాంతములలో బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించినారు. ఈ సంగతిని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1975 లో లాన్సెట్ పత్రికలో ప్రకటించినారు. ఆక్రటాక్సిన్ అను మరియొక బూజువిషము మూత్రపిండములకు హానికరము. ఈ విషములు వంటతో సులభముగా నశించునవి కావు, కంటికి కనబడునవి కావు.

వీటిని కనుగొనుట ఎట్లు? పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనశాలలో తిరుమలదేవి సహచరులతో కలసి ఈ ప్రశ్నపై పనిచేసినారు. విషపు అణువు మిక్కిలి చిన్నది. దానిని మాత్రమే ఎక్కించినచో జంతుశరీరము దానిని శత్రువుగా గుర్తింపదు. కావున దానిని పెద్ద ప్రోటీనుకు జతచేసి కుందేలుకు ఎక్కింతురు. అప్పుడు కుందేలు రక్తమున ఆ విషమును గుర్తించు ప్రతిరక్షకములు పుట్టును. వాటితో ఎలిసా అను పరీక్ష తయారగును. ఈ విధమైన ఎలిసాలో నమూనాయందు విషము ఎంత ఎక్కువ యున్నచో రంగు అంత తక్కువగా తేలును. ఈ పద్ధతితో మిరపకాయలలో ఆక్రటాక్సిన్‌ను కనుగొనుటను వివరించు వ్యాసము 2000 లో వెలువడినది. మిరియములు, ధనియములు, అల్లము, పసుపులలోని విషములపైనను వ్యాసములు వచ్చినవి. మన వంటింటి పోపులపెట్టెయే ఆ పరిశోధనకు క్షేత్రమైనది!

పిదప అమెరికాలో ఒహైయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఆమె బంగాళాదుంప తెగులును కలిగించు సూక్ష్మజీవిపై పనిచేసినారు. ఆ జీవి విడుచు రెండు ప్రోటీన్లు పొగాకు జాతి మొక్క ఆకులో కణములను చంపును. రెండును కలసినపుడు వాటి ప్రభావము ఇనుమడించునని 2006 లో ప్రచురించిన వ్యాసము తెలుపుచున్నది. ‘రెండును కలసినపుడు’ అను ఈ మాటను విద్యార్థులు గుర్తుంచుకొనగోరుచున్నాము.

2006: ఒకే సంచికలో మూడు వ్యాసములు

మిషిగన్ విశ్వవిద్యాలయమునకు మారిన పిమ్మట ఆమె దృష్టి సహజరక్షణ వైపు మళ్ళినది. మన రక్షకకణముల లోపల ప్రమాదమును పసిగట్టు ప్రోటీన్లు కొన్ని కలవు. ప్రమాదము తోచినపుడు అవి మరికొన్నింటితో కూడి ఒక యంత్రమువలె అమరును. ఈ కూటమికి 2002 లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఇన్‌ఫ్లమసోమ్ అని పేరు పెట్టినారు. ఇది కాస్పేజ్-1 అను కత్తెరను మేల్కొలుపును. ఆ కత్తెర తెగ్గొట్టగా ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి సందేశకములు వెలువడి జ్వరమును, వాపును కలిగించును.

ఈ కూటమిని మేల్కొలుపునదేమి? 2006 మార్చిలో నేచర్ పత్రిక ఒకే సంచికలో వరుసగా మూడు వ్యాసములు ప్రకటించినది. మూడింటిలోను ప్రధానపాత్ర ఎన్.ఎల్.ఆర్.పి.-3 అను ఒకే ప్రోటీనుది. సూక్ష్మజీవుల విషములు, ఏ.టి.పి. దానిని మేల్కొలుపునని ఒక బృందము చూపినది. బాక్టీరియాల ఆర్.ఎన్.ఏ. మేల్కొలుపునని తిరుమలదేవి ప్రథమ రచయితగా వెలువడిన వ్యాసము చూపినది. కీళ్ళవాతమునకు కారణమగు యూరికామ్ల స్ఫటికములు మేల్కొలుపునని మూడవది చూపినది. ఏ.టి.పి. అణువును 1929 లో ఫిస్కేతో కలసి లోకమునకు తెలిపినవారు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఒక తెలుగువాని వ్యాసములోని అణువు డెబ్బది ఏడేండ్ల తరువాత మరియొక తెలుగు శాస్త్రవేత్త వ్యాసమునకు పొరుగుపుటలలో నిలిచినది. ప్రచురణల జీవితము మనుష్యుల జీవితముకంటె దీర్ఘమైనదని దీనివలన తెలియుచున్నది.

కణములు చనిపోవు విధములు

కాలువకు తూము ఎత్తినచో పొలమునకు నీరందును. గట్టు తెగినచో పొలమే కొట్టుకొనిపోవును. వాపు అను శరీరచర్యయు అట్టిదే. మితములో నున్నంతవరకు రక్షణ, మితిమీరినచో ప్రాణాంతకము. ఈ మితిమీరుటకును, కణములు చనిపోవు తీరునకును సంబంధము కలదు. ఎపాప్టోసిస్ అను విధమున కణము సద్దుచేయక ముడుచుకొని పోవును. పైరాప్టోసిస్, నెక్రాప్టోసిస్ అను విధములలో కణము పగిలి, లోపలి పదార్థములను వెలికి చిమ్మి వాపును పెంచును. ఇవి మూడును వేర్వేరు మార్గములని శాస్త్రజ్ఞులు చిరకాలము తలంచినారు.

ఇన్‌ఫ్లుయెంజా వైరసును జడ్.బి.పి.-1 అను ప్రోటీను పసిగట్టి ఈ మార్గములను ప్రేరేపించునని తిరుమలదేవి బృందము 2016 లో వెల్లడించినది. మూడు మార్గములును ఒకదానితో నొకటి ముడిపడి సాగు సందర్భములు కలవని చెప్పి, అట్టి మరణమునకు 2019 లో ప్యానాప్టోసిస్ అను పదమును ప్రతిపాదించినది. 2021 లో సెల్ పత్రికలో వెలువడిన వ్యాసము కోవిడ్ కాలపు ప్రశ్నకు సంబంధించినది. తీవ్రరోగులలో పొంగిపొరలు సందేశకములలో ప్రాణహాని చేయునవి ఏవి? వారు పరీక్షించినవాటిలో టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ఫెరాన్ గామా రెండును కలసినపుడే ఈ కణమరణము కలిగినది. వాటిని అడ్డగించు ప్రతిరక్షకములనిచ్చిన ఎలుకలు మరణమునుండి కాపాడబడినవి. ‘రెండును కలసినపుడు’ అను మాట పొగాకు జాతి ఆకునుండి ఇచ్చటికి వచ్చినది. కుందేలు రక్తములో పరీక్షాసాధనముగా పుట్టిన ప్రతిరక్షకము ఇచ్చట రక్షణసాధనమైనది. ఎలుకలయందలి ఫలితము మనుష్యులకు వెంటనే ఔషధము కాజాలదు. కాని ఎచ్చట వెదుకవలెనో అది చూపినది.

ప్రభావమును కొలుచుట ఎట్లు?

ఒక వ్యాసమును తరువాతివారు తమ వ్యాసములలో ఎన్నిసార్లు పేర్కొన్నారను లెక్క ఒక కొలత. ఆ లెక్కనుబట్టి క్లారివేట్ సంస్థ ప్రకటించు అత్యధిక ప్రస్తావనలు పొందిన శాస్త్రజ్ఞుల జాబితాలో 2017 నుండి పలుమార్లు ఆమె పేరు చేరినది. ఇది గౌరవమే. అయినను లెక్క ఒక్కటియే ప్రభావము కాదు. పొగడుటకు పేర్కొందురు, ఖండించుటకును పేర్కొందురు. ప్యానాప్టోసిస్ నిజముగా ప్రత్యేకమార్గమా, లేక మూడు మార్గముల కలయికకు పెట్టిన పేరా అను చర్చయు కలదు. అట్టి చర్చ పుట్టుట లోపము కాదు. ఇతరులు తమ పరిశోధనశాలలలో తిరిగి చేసి చూచుటకు, వాదించుటకు, సరిదిద్దుటకు యోగ్యమైన ప్రశ్నను నిలుపుటయే విద్వాంసుల అసలు ప్రభావమని మేము భావింతుము.

మన కర్తవ్యము

ఈ ప్రచురణలను వరుసగా చదివినపుడు మాకు కలిగిన ఆశ్చర్యము ఒకటే. మిరపకాయనుండి కణమరణమునకు ఆమె ఒక్క గంతులో చేరలేదు. చేతనున్న ప్రశ్నను శ్రద్ధగా ముగించి, అది చూపిన తరువాతి ప్రశ్నను పట్టుకొనినారు. బి.ఎస్‌సి.తో చదువు ముగిసినదని ఇంటివారు నిర్ణయింపగా తలవంచు మన విద్యార్థినులు ఈ క్రమమును గమనింపవలెను. వారి తల్లిదండ్రులును గమనింపవలెను.

కళాశాల పాలకవర్గము వారికి మా విన్నపము పెద్దది కాదు. పఠనమందిరమున ఒక బల్లను పరిశోధనా వ్యాసములకు కేటాయించి, నెలకొక వ్యాసమును అధ్యాపకులు తెలుగులోను ఉర్దూలోను విడమరచి చెప్పు ఏర్పాటు చేయగోరుచున్నాము. ఉన్న సూక్ష్మదర్శినులను పరీక్షల దినములలోనే కాక ఇతర దినములలోను విద్యార్థులకు అందుబాటులో నుంచగోరుచున్నాము.

విద్యార్థినీ విద్యార్థులారా! వచ్చే ఫాల్గుణమున వాకిట తడిసిన మిరపకాయను పారవేయుటకు ముందు, ముక్కును నోటిని గుడ్డతో కప్పుకొని, దాని బూజును గాజుపలకపై నుంచి ఒకసారి సూక్ష్మదర్శినిలో చూడుడు. చూచినది తేదీతో సహా నోటుపుస్తకమున వ్రాసికొనుడు. పరిశోధనకు తొలిమెట్టు అదియే.