క్రొత్త సర్వరులో పాత ప్రశ్న ఏల ఆలస్యమగును?

కళాశాలలలో నేడు ప్రవేశములు, రుసుములు, ఉపకారవేతనముల దరఖాస్తులు చాలవరకు డేటాబేసులలోనే ఉన్నవి. పాత సర్వరు చాలుట లేదని రెండింతల శక్తిగల యంత్రమును కొని, సమాచారమంతయు అందులోనికి మార్చిన మరునాడే పని మందగించినదను ఫిర్యాదు క్రొత్తది కాదు. అది దరఖాస్తులకు చివరి దినమైనచో, కిటికీ ముందు నిలుచున్న విద్యార్థికి ఒక సంవత్సరపు ఉపకారవేతనమే చేజారవచ్చును. అట్టి వేళ అందరును క్రొత్త యంత్రమునే నిందింతురు. యంత్రమును అనుమానించుట చిట్టచివర చేయవలసిన పని అని మా అభిప్రాయము. 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ ఆధ్వర్యమున మొదలైన పోస్ట్‌గ్రెస్ నుండి వెలసిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఉచితముగా లభించుచున్నది గనుక, దానినే ఉదాహరణగా గ్రహించుచున్నాము.

ముందు ఒక గ్రంథాలయమును తలచుకొందము. ఒక్క పుస్తకము కావలెనన్న కార్డుల పెట్టెను చూచుట మేలు. ఉర్దూ పుస్తకములన్నిటిని లెక్కింపవలెనన్న, కార్డులు త్రిప్పుటకంటె అలమరల వెంట నడచుటయే త్వరగా తెములును. ఏ పనికి ఏ దారి మేలో గ్రంథపాలకునకు తెలియుటకు కారణము, ఏ అలమరలో సుమారు ఎన్ని పుస్తకములున్నవో ఆయన ఎరిగియుండుటయే. డేటాబేసులో గ్రంథపాలకుని స్థానము ప్లానరుది. కార్డుల పెట్టె ఇండెక్సు. ఆయన ఎరుకయే గణాంకములు. ఖర్చును లెక్కించి దారిని ఎన్నుకొను ఈ పద్ధతిని ఐ.బి.ఎమ్. పరిశోధకురాలు పట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు 1979లో ప్రకటించిరి.

చిక్కంతయు ఇక్కడనే. 2025లో వెలువడిన 18వ వెర్షనుకు పూర్వము, పీజీ అప్‌గ్రేడ్ అను సాధనముతో క్రొత్త వెర్షనుకు మారినపుడు పట్టికలు వచ్చెడివి, ఇండెక్సులు వచ్చెడివి. గణాంకములు మాత్రము వచ్చెడివి కావు. ఎరుక లేని ప్లానరు పది వరుసల కొరకు పట్టికనంతయు చదువును, లేదా లక్షల వరుసలను ఒక్కొక్కటిగా ఇండెక్సులో వెదకును. గణాంకములను తనంతట తాను సేకరించు ఏర్పాటు కలదు గాని, మామూలు అమరికలో అది పట్టికలోని పదవ వంతు వరుసలు, అదనముగా 50, మారిన పిదపనే మేల్కొనును. మార్పులేని పాత పట్టికకు ఆ గడియ ఎన్నటికిని రాకపోవచ్చును. కావున ద్వారములు తెరువకముందే అనలైజ్ ఆజ్ఞను నడుపవలెను. మామూలు అమరికలో అది 30,000 వరుసల నమూనాను మాత్రమే తీసికొనును. కోటి వరుసల పట్టికకైనను అంతే.

రోగనిర్ధారణకు సాధనము ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్. ఇది ప్లానరు అంచనాను, వాస్తవముగా వచ్చిన వరుసల సంఖ్యను ప్రక్కప్రక్కన చూపును. అంచనా 10, వాస్తవము 2,00,000 అయినచో దోషమెచ్చటనో వేరుగ చెప్పనక్కరలేదు. అయితే ఈ ఆజ్ఞ ప్రశ్నను నిజముగా నడుపును సుమా! వరుసలను తొలగించు ఆజ్ఞకు దీనిని తగిలించి కూర్చొనరాదు.

పాత సర్వరు అమరికలను తెచ్చుట మరచిపోవుట మరియొక కారణము. షేర్డ్ బఫర్స్ అను జ్ఞాపకభాగము మొదట సాధారణముగా 128 మెగాబైట్లే. యంత్రపు మెమొరీలో నాల్గవ వంతుతో ఆరంభించుట వాడుక. 64 గిగాబైట్ల యంత్రమునకు అది 16 గిగాబైట్లగును. మొదటి గంటలలో జ్ఞాపకము ఖాళీగా ఉండుటచే కొంత ఆలస్యము సహజము. దానినిబట్టి తీర్పు చెప్పరాదు.

ప్రోగ్రాము, డేటాబేసు పూర్వము ఒకే యంత్రములో ఉండి ఇపుడు వేరైనచో, ప్రతి ప్రశ్నయు తీగపై పోయి రావలెను. రాకపోకలకు ఒక మిల్లీసెకను పట్టినను, ఒక పుటకు 2,000 ప్రశ్నలు వేయు ప్రోగ్రామునకు రెండు సెకనులు దారిలోనే గడచును. దీనికి మందు సర్వరులో లేదు, ప్రోగ్రాములో ఉన్నది.

చివరిది మందగమనము కాదు, అంతకంటె ప్రమాదకరము. 2018లో లినక్సు వారి జీలిబ్‌సీ 2.28లో అక్షరక్రమ నియమములు విస్తృతముగా మారినవి. ఉదాహరణకు 1-1, 11 అను వాటి వరుస తారుమారైనది. డేటాబేసు ఫోల్డరును ఉన్నదున్నట్లు అట్టి క్రొత్త లినక్సుపైకి ఎత్తిపెట్టినచో, ఇండెక్సు పాత క్రమములోను, వెదకుట క్రొత్త క్రమములోను సాగును. ఉన్న పేరు లేదని జవాబు రావచ్చును. రీఇండెక్స్ ఆజ్ఞతో అక్షరరూప ఇండెక్సులను తిరిగి కట్టి, ఉర్దూ లిపిలోను తెలుగు లిపిలోను కొన్ని పేర్లను, గీతగల కొన్ని హాల్‌టికెట్ సంఖ్యలను వెదకి చూచిన పిదపనే కార్యాలయపు కిటికీని తెరువవలెను.